365 వత్తులు, 365 పబ్బులు

లీడ్స్‌లో మా బావమరిది ఇంట్లో, భోజనాల బల్ల మీద, ఊరగాయ జాడీకి ఆనించిన లాప్‌టాప్‌లో యార్క్ నగరమంతా పదిహేడు వరసల్లో ఉంది. వరసకో చోటు, పక్క గడిలో నిమిషాలు. పెద్ద చర్చి 60, కోటగోడ 90, వైకింగుల మ్యూజియం 75. చివరి ఆరు వరసలూ పబ్బులు, తలా ఓ 40. పద్దెనిమిదేళ్లుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాడు చేసిన ఎక్సెల్ షీట్ అది.

"మంగళవారం పొద్దున్నే రైలెక్కితే బుధవారం రాత్రి పదికల్లా అన్నీ అయిపోతాయి బావా" అన్నాడు.

"బుధవారం చీకటి పడేసరికి ఇంట్లో ఉండాలి. కార్తీక పౌర్ణమి, వత్తులు వెలిగించాలి" అంది మా ఆవిడ, స్క్రీన్ వంక చూడకుండానే.

"అక్కా, ఇక్కడి టైము లెక్కన పౌర్ణమి మంగళవారం సాయంత్రమే మొదలై బుధవారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరలోపే వెళ్లిపోతుంది. నీ వత్తులేవో హోటల్లోనే..."

"భద్రాచలంలో అమ్మ ఏ రోజు వెలిగిస్తే నాకూ ఆ రోజే. హోటల్ గదిలో నేతి వత్తులు వెలిగిస్తే పోలీసులొస్తారో ఫైరింజనొస్తుందో నువ్వే చూసుకో."

ఆ వత్తుల కట్ట మా సూట్‌కేసులో భద్రాచలం నుంచి వచ్చింది. 365 వత్తులు, రోజుకొకటి చొప్పున. ఏడాదిలో దీపం పెట్టని రోజులన్నిటికీ ఆ ఒక్క సాయంత్రం బదులు తీర్చుకోవడం. బావమరిది నవ్వాడు. "యార్క్‌లో కూడా సరిగ్గా ఇదే లెక్క తెలుసా? ఒకప్పుడు రోజుకొకటి చొప్పున 365 పబ్బులుండేవని చెప్పుకుంటారు." ఎవరూ లెక్కపెట్టి చూసిన మాటలా లేదు. మా ఆవిడ మాత్రం దాన్ని వదల్లేదు. "అంటే రోజూ వెళ్లలేనివాళ్లు ఒక్క రాత్రిలో అన్నీ చుట్టేస్తారన్నమాట, మా వత్తుల్లాగే" అంది. ఆరు పబ్బుల వరసల మీద ఆ మాట సూటిగా తగిలింది. షీట్ కత్తిరించడం అక్కడ మొదలైంది.

బుధవారం సాయంత్రం కదలదు. ఇంకో కదలనిది వెలుతురు. నవంబరు మొదటి వారంలో అక్కడ సాయంత్రం నాలుగున్నరకి ముందే సూర్యుడు అస్తమిస్తాడు. కోటగోడ మెట్ల దగ్గరి తలుపులు చీకటి పడితే మూసేస్తారు. మ్యూజియాలు, దుకాణాలు ఇంచుమించు అయిదింటికి సర్దేస్తాయి. రాత్రి పదకొండు దాకా తలుపు తెరిచి ఉంచేది పబ్బే. కనుక ఎండ ఉన్నంతసేపూ బయట నడవాలి, వెలుతురు తగ్గాక చర్చి రంగు అద్దాల జోలికి పోకూడదు, కూర్చునే పనులన్నీ చీకటికి వదిలెయ్యాలి. ఇంత తేలిన విషయానికి ముగ్గురం రెండు గంటలు వాదించుకున్నాం. వైకింగుల మ్యూజియం ఎగిరిపోయింది. వాళ్లు ఆ ఊరిని పట్టుకున్నది 866లో, మ్యూజియం తెరిచింది 1984లో. వెయ్యేళ్ల నాటి వైకింగు ఒకడి మలం రాయిలా గట్టిపడితే దాన్ని అక్కడ అద్దాల పెట్టెలో పెట్టారని విన్నాక మా ఆవిడ ఆ వరసను తన చేత్తోనే కొట్టేసింది.

వారం మధ్యలో వెళ్లడం ఒక్కటే బావమరిది మొదటి నుంచీ సరిగ్గా అనుకున్న సంగతి. శనివారం అయితే పెళ్లికి ముందు గోల చేసే మగ గుంపులు, ఆడ గుంపులు రైళ్లలో దిగుతాయట. గుర్రప్పందేలున్న రోజైతే ఇక అడగక్కర్లేదట.

లీడ్స్ నుంచి యార్క్‌కి రైల్లో అరగంట కూడా పట్టదు. లండన్ కింగ్స్ క్రాస్ నుంచి వచ్చేవాళ్లకి రెండు గంటలు. 1877 నాటి స్టేషను, పైకప్పు ధనుస్సులా వంగి ఉంటుంది. బయట అడుగు పెట్టగానే ఎదురుగా పచ్చగడ్డి మిట్ట, దాని మీద కోటగోడ. ఊరు ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు.

నాకు మాత్రం మొదటి అరగంటలోనే దారి తప్పింది. బావమరిది హోటల్లో సామాను పడేసి వస్తానని, "మికిల్‌గేట్ బార్ దగ్గరుండండి బావా" అని పంపాడు. వెళ్లి చూస్తే రాతి కోట ద్వారం. బార్ అన్నాడు కదా అని అటూ ఇటూ చూస్తూ, గాజు గ్లాసుల బొమ్మ ఎక్కడైనా ఉందేమోనని వీధంతా గాలించాను. వాడొచ్చి పడీ పడీ నవ్వాడు. ఆ ఊళ్లో వీధిని గేట్ అంటారు, గేటుని బార్ అంటారు, బారుని పబ్ అంటారు. వైకింగుల భాషలో గాటా అంటే వీధి, అది గేట్‌గా మిగిలిపోయింది. నేను బీరు కోసం వెతికిన ఆ ద్వారం మీదే 1460లో యుద్ధంలో చచ్చిన యార్క్ డ్యూక్ రిచర్డ్ తలను కాగితపు కిరీటం పెట్టి గుచ్చారట. రాజరికం నాదన్నందుకు ఆ ఎగతాళి.

గోడ మొత్తం మూడున్నర కిలోమీటర్లకి కొంచెం తక్కువ. ఇంగ్లండులో ఇంత పొడుగున నిలిచి ఉన్న మధ్యయుగపు ఊరిగోడ ఇంకోటి లేదు. మాకు తొంభై నిమిషాల మోజు లేదు కాబట్టి బూథమ్ బార్ దగ్గర ఎక్కి మంక్ బార్ దగ్గర దిగాం. చూడాల్సిన ముక్క అదే. ఎడమ చేతి వైపు రాతి పిట్టగోడ ఉంటుంది, కుడి చేతి వైపు చాలాచోట్ల ఏమీ ఉండదు. కింద ఎవరిదో పెరడు, ఆపిల్ చెట్టు, ఆరేసిన తువ్వాళ్లు, వాటి వెనకాల ఆకాశంలో సగం ఆక్రమించిన చర్చి. రాత్రి పడ్డ వానకి రాళ్లు నున్నగా ఉన్నాయి. మా ఆవిడ నా మోచేయి వదల్లేదు. ఎదురుగా ఎవరైనా వస్తే ముగ్గురం గోడకి బల్లుల్లా అంటుకున్నాం.

ఆ చర్చి పేరు యార్క్ మిన్‌స్టర్. ఇప్పుడున్న కట్టడం సుమారు 1220లో మొదలైతే 1472లో గాని పూర్తయిందనిపించుకోలేదు. రెండున్నర శతాబ్దాలు. తూర్పు గోడలో ఉన్న కిటికీ దాదాపు టెన్నిస్ కోర్టంత. 1405 నుంచి 1408 దాకా జాన్ థార్న్‌టన్ అనే అద్దాల పనివాడు దాన్ని పూర్తిచేశాడు. ఒప్పందంలో రాసుకున్న కూలి 56 పౌండ్లు. అందులో పైన సృష్టి, కింద ప్రళయం. మా ఆవిడ అక్కడ నలభై నిమిషాలు నిలబడింది. భద్రాచలంలో పుట్టిన మనిషికి గుడిలో ఎంతసేపు నిలబడాలో ఒకరు చెప్పక్కర్లేదు. ఆమెకి బాగా నచ్చింది ఇంకోటి: దక్షిణం వైపు గులాబీ కిటికీ. 1984 జులై 9న ఆ వైపు కప్పు తగలబడింది, పిడుగే కారణమై ఉంటుందంటారు. ఏడువేల ముక్కల ఆ అద్దం నలభైవేల చోట్ల పగిలినా కిందికి రాలలేదు. దాన్ని అతికించి మళ్లీ అక్కడే నిలిపారు. కొత్త కప్పుకి చెక్కిన బొడిపెల్లో కొన్నింటికి బొమ్మలు గీసింది టీవీ పోటీలో గెలిచిన పిల్లలు.

"టికెట్టు పెట్టి చూసింది ఒకటి, సాయంత్రం ఊరికే వినేది ఇంకోటి" అని బావమరిది మమ్మల్ని అయిదున్నరకి మళ్లీ అక్కడికే తీసుకెళ్లాడు. సాయంత్రపు ప్రార్థనకి ఎవరైనా కూర్చోవచ్చు, పైసా లేదు. చెక్క బెంచీల్లో దీపాల కింద గాయక బృందం పాడుతుంటే మా ఆవిడ కళ్లు మూసుకుని కూర్చుంది. ఈ రెండింటి మధ్యా కసాయి అంగళ్ల పాత వీధి షాంబుల్స్‌ కూడా చూశాం. పై అంతస్తులు వీధి మీదికి ఒరిగి ఒకదాన్నొకటి ముట్టుకునేటట్టుంటాయి, మాంసం వేలాడదీసిన కొక్కేలు ఇంకా ఉన్నాయి, కసాయి మాత్రం ఒక్కడూ లేడు. ఫొటో తీసుకునేవాళ్ల మధ్య నుంచి దూరి బయటపడ్డాం. దాని గురించి ఇంతకన్నా రాయను.

ఇక చీకటి. మన హైదరాబాదులో పబ్బంటే చెవులు పగిలే పాట, తలుపు దగ్గర కండలవాడు, లోపల ఎవరి మొహం ఎవరికీ కనపడని నీలం వెలుతురు. ఇక్కడ పబ్లిక్ హౌస్ అన్న మాటను కురచ చేస్తే వచ్చింది పబ్. నలుగురికీ తెరిచిన ఇల్లు. ఫాస్‌గేట్ వీధిలోని బ్లూ బెల్ నిజంగా ఇల్లంతే ఉంటుంది. ముందో గది, వెనకో గది, ఒక సన్నటి నడవ. 1903లో చేయించిన చెక్కపని అప్పటిది అప్పటిలాగే ఉంది. పదిహేను మంది చేరితే ఊపిరాడదు. మన రచ్చబండే అనుకున్నాను, బావమరిదితో అన్నాను కూడా. "అవును బావా, రచ్చబండ దగ్గరికి ఆడవాళ్లని రానిస్తారా?" అన్నాడు. ఈ పబ్బు ముందు గదిలోకి 1990ల దాకా ఆడవాళ్లకి ప్రవేశం లేదని, ఆ కట్టడి పెట్టింది ఒక ఆవిడేనని ఊళ్లో చెప్తారు. మా ఆవిడ సరిగ్గా ఆ ముందు గదిలోనే కిటికీ పక్క బల్ల ఎంచుకుని కోటు విప్పి కూర్చుంది.

కూర్చుంటే ఎవరూ రారు. లేచి కౌంటర్ దగ్గరికి వెళ్లి అడగాలి, అక్కడే డబ్బు కట్టాలి, గ్లాసులు మనమే మోసుకురావాలి. వరస కట్టరు గాని ఎవరి తర్వాత ఎవరో పోసే మనిషికి తెలుసు. ఆమె నా ముందున్న ముసలాయన వైపు తల తిప్పగానే ఆయన "ఈయన ముందొచ్చాడు" అని నన్ను చూపించాడు. మన బస్టాండు కౌంటర్ దగ్గర ఆ మాట నేనింతవరకూ వినలేదు.

పింట్ అంటే 568 మిల్లీలీటర్లు. మన పెద్ద సీసా 650 అనుకుంటే దానికి కాస్త తక్కువ. నేను మూడు చోట్ల మూడు అర పింట్లు అని ముందే లెక్క పెట్టుకున్నాను. రెండు రోజుల ప్రయాణంలో పొద్దున్నే తల పట్టుకుని కూర్చుంటే ఒక పూట పోయినట్టే. అర పింట్ అడిగితే ఎవరూ చిన్నచూపు చూడరు. మా ఆవిడకి సోడాలో నిమ్మరసం, అది అన్నిటికన్నా చవక.

చేతిపంపు పిడిని ఆమె మూడుసార్లు లాగితే నా గ్లాసు నిండింది. మొదటి గుటకకి నేను మోసపోయాననుకున్నాను. మన దగ్గర బీరంటే సీసాకి చెమట పట్టాలి. ఇది బావినీళ్లంత చల్లదనమే. వాళ్లు కావాలనే నేలమాళిగలో 11 నుంచి 13 డిగ్రీల్లో ఉంచుతారు. పీపాలోకి ఎక్కాక కూడా ఆ బీరు పులుస్తూనే ఉంటుంది, గ్యాస్ బయటి నుంచి ఎక్కించరు. పీపా తెరిచాక మూడు నాలుగు రోజుల్లో అయిపోవాలి, లేకపోతే చెడుతుంది. ఆ మాట వినగానే నాకు పరాయితనం పోయింది. మా ఏజెన్సీలో జీలుగు కల్లు తాగినవాడికి ఈ సంగతి విడమరిచి చెప్పాలా? పొద్దున దించింది తియ్యగా ఉంటుంది, సాయంత్రానికి అదే కల్లు ఇంకో మనిషి. దించినవాడి చెయ్యీ, కుండ శుభ్రమూ రుచిలో తెలుస్తాయి. ఇక్కడ ఆ చెయ్యి నేలమాళిగ చూసుకునేవాడిది. పెద్ద కంపెనీల గ్యాస్ బీరు దెబ్బకి ఈ పద్ధతి చచ్చిపోతుందని 1971లో నలుగురు కుర్రాళ్లు కామ్రా అనే సంఘం పెట్టి ఉద్యమం నడిపారు. కల్లు గీత కార్మికుల సంఘాలు మనకున్నాయి గాని కల్లు తాగేవాళ్ల సంఘం ఎవరికీ తట్టలేదు.

ఇంకో చిన్న వస్తువు చూపించాలి. పంపు ముక్కుకి చివర చిల్లులున్న చిన్న మూత బిగించి ఉంటుంది. దానిలోంచి వస్తే బీరు మీద మీగడలాంటి నురుగు. ఉత్తరాది వాళ్లకి అది లేకపోతే తాగినట్టు కాదు, దక్షిణాది వాళ్లకి అది ఉంటే బీరు పాడైనట్టు. ఫిల్టర్ కాఫీ నురుగు మీద కొట్టుకునే కుటుంబం మాది కనుక ఎవరి పక్షమూ తీసుకోలేదు.

నా గ్లాసుకి మాత్రం డబ్బు కట్టి వచ్చినందుకు బావమరిది మొహం అదోలా పెట్టాడు. ఇక్కడ ఒక్కొక్కరు ఒక్కో రౌండు అందరికీ కొంటారు, ఆ వంతు ఎగ్గొట్టినవాడిని ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకుంటారు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915 నుంచి, ఒకడు ఇంకొకడికి తాగుడు కొనివ్వడమే నేరమని చాలా ప్రాంతాల్లో నిషేధించారు. మనవాళ్లు హోటల్ గల్లాపెట్టె దగ్గర "నువ్వుండవోయ్" అని చొక్కాలు పట్టుకుని బిల్లు లాక్కోవడం చూస్తే ఆ అధికారులు జైలు చాలదనుకునేవారు.

తప్పు జరిగింది రెండో పబ్బులో. పేరు వద్దు. భోజనం అక్కడే అనుకుని తీరిగ్గా తొమ్మిదింటికి వెళ్లాం. పబ్బు పదకొండు దాకా, వంటగది ఎనిమిదిన్నర దాకానే. పదిహేడు వరసల షీట్‌లో ఈ ఒక్క గడి లేదు. బావమరిది తన అక్క వంక చూడలేకపోయాడు. ఆమెకి కార్తీకమాసం, ముందురోజు సోమవారం ఉపవాసం, మాంసం లేదు, ఉల్లీ వెల్లుల్లీ లేవు. కౌంటర్ వెనక చిప్స్ ప్యాకెట్లు మాత్రం ఉన్నాయి. చీజూ ఉల్లిపాయా ఒకటి, ఉత్త ఉప్పుది ఒకటి. ఉత్త ఉప్పుది మూడు తీసుకున్నాం. పక్క బల్ల దగ్గరి అమ్మాయి మాకు చూపించింది: ప్యాకెట్‌ని పైన చింపకూడదు, వెనక అతుకు వెంట నిలువునా చీల్చి, లోపలి వెండి రంగు పైకి వచ్చేటట్టు విస్తరిలా పరిచి, నలుగురి మధ్య పెట్టాలి. మా ఆవిడ ఆ విస్తరి నాలుగు మూలలూ చేత్తో సర్ది, "వడ్డన బాగానే ఉంది" అంది.

దారిలో దుకాణంలో కిట్‌క్యాట్ కొన్నాం. అది పుట్టింది ఈ ఊళ్లోనే, 1935లో, రౌంట్రీ వాళ్ల ఫ్యాక్టరీలో. ఆ రౌంట్రీలు క్వేకర్ మతస్థులు, తాగుడంటే పడదు. 1902లో ఊరి శివార్లలో న్యూ ఇయర్స్‌విక్ అని కొత్త గ్రామం కట్టడం మొదలుపెట్టి, అందులో పబ్బు లేకుండా చూసుకున్నారు. 365 పబ్బులని చెప్పుకునే ఊళ్లో మా ఆవిడ రాత్రి భోజనం వాళ్ల చాక్లెట్. మూడో అర పింట్ నేను అడగలేదు.

మర్నాడు పొద్దున క్లిఫర్డ్స్ టవర్ మెట్ల కింద నిలబడ్డాం. పచ్చటి దిబ్బ మీద గుండ్రటి రాతి బురుజు, పిల్లలు ఫొటోలు దిగుతున్నారు. 1190 మార్చిలో ఊరి జనం తరిమితే, ఇదే దిబ్బ మీద అప్పుడుండిన చెక్క బురుజులో తలదాచుకున్న యూదులు, సుమారు 150 మంది, గుంపు చేతికి చిక్కేకన్నా చావే మేలని చాలామంది తమ ప్రాణాలు తామే తీసుకున్నారు. బయటికి వచ్చినవాళ్లని చంపేశారు. షీట్‌లో దీనికి 30 నిమిషాలున్నాయి. ఎవరం ఏమీ మాట్లాడుకోకుండా ఏటి వైపు నడిచాం.

ఊజ్ నది ఒడ్డునే, నీళ్లకి నాలుగడుగుల దూరంలో కింగ్స్ ఆర్మ్స్. ఇది శామ్యూల్ స్మిత్ అనే బీరు కంపెనీ పబ్బు, 1758 నాటి కంపెనీ. వాళ్ల పబ్బుల్లో పాటలుండవు, టీవీ ఉండదు, 2019 నుంచి సెల్‌ఫోన్ కూడా వాడకూడదు. బావమరిది షీట్‌ని ఫోన్లో తెరిచి తర్వాతేమిటో చూడబోయాడు. "లోపల వద్దు" అని తనే గుర్తొచ్చి జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత గంటన్నర వాడు మా ఊళ్లో తన చిన్నప్పటి సంగతులు చెప్పాడు. పదేళ్లలో వాడి నోట నేనంతసేపు విన్నది అదే మొదటిసారి.

తలుపు దగ్గర ఒక పలక ఉంది. నిలువునా గీతలు, గీత పక్కన సంవత్సరం. ఏ వరదకి నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో. 2000 నవంబరులో నది మామూలు మట్టం కన్నా 5.4 మీటర్లు పెరిగింది. ఈ పబ్బు ఏటా ఒకటికి రెండుసార్లయినా మునుగుతుంది, కడుక్కుని మళ్లీ తెరుస్తుంది. మా ఆవిడ గీతల మీద వేలు పెట్టి ఒక్కొక్కటీ చదివింది. భద్రాచలంలో పెరిగినవాళ్లకి 43, 48, 53 అనే అంకెలు ఎక్కాల్లా వస్తాయి, మూడు ప్రమాద హెచ్చరికలు. 1986లో గోదావరి 75.6 అడుగులకి వచ్చినప్పుడు వాళ్లు మేడ మీద మూడు రాత్రులున్నారు. "మనింట్లో గీత ఎక్కడుందిరా?" అని తమ్ముణ్ని అడిగింది. "దేవుడి గూటి పైన అక్కా, సున్నం వేసినప్పుడల్లా నాన్న మళ్లీ గీసేవాడు" అన్నాడు వాడు.

స్టేషను పక్కనే రైల్వే మ్యూజియం, టికెట్టు లేదు. రైలుకి ముందు మిగిలే గంటకి ఇంతకన్నా మంచి చోటు లేదు. 1938 జులై 3న గంటకి 126 మైళ్లు పరిగెత్తిన నీలం రంగు మల్లార్డ్ ఇంజను ముందు బావమరిది చిన్నపిల్లాడిలా నిలబడ్డాడు. ఆవిరి ఇంజన్లలో ఆ వేగాన్ని ఏదీ దాటలేదు. మూడున్నరకి రైలెక్కాం.

లీడ్స్‌లో ఇల్లు చేరి చీకటి పడేసరికి ఆకాశంలో టపాసులు. నవంబరు 5 వాళ్లకి గై ఫాక్స్ రాత్రి. 1605లో పార్లమెంటుని మందుగుండుతో పేల్చబోయి దొరికిపోయిన ఆ మనిషి పుట్టింది యార్క్‌లోనే, 1570లో. దేశమంతా వాడి బొమ్మని తగలబెడతారు గాని వాడు చదివిన యార్క్ బడిలో మాత్రం తగలబెట్టరు, పాత విద్యార్థి కదా.

పెరట్లో తులసి లేదు, రోజ్‌మేరీ కుండీ ఉంది. దాని ముందు పళ్లెంలో నేతిలో నానిన 365 వత్తుల కట్ట పెట్టి మా ఆవిడ అగ్గిపుల్ల గీసింది. రెండోదానికి అంటుకుంది. మబ్బుల్లోంచి చంద్రుడు ఒకసారి వచ్చి వెళ్లాడు. కంచె అవతల పక్కింటాయన తల పైకి పెట్టి మంట చూసి, మేమూ గై ఫాక్స్‌నే తగలబెడుతున్నామనుకుని, "చిన్నదే గాని బాగా అంటుకుంది" అని మెచ్చుకున్నాడు.

"ఆయనకి పౌర్ణమని చెప్పరా" అంది మా ఆవిడ.

బావమరిది కంచె దగ్గరికి వెళ్లి చాలాసేపు ఏదో చెప్పాడు. తిరిగొచ్చేసరికి వాడి చేతిలో ఆయనిచ్చిన బీరు సీసాలు రెండు ఉన్నాయి. వత్తులింకా సగం కూడా కాలలేదు.